నందికొండను కోటగా చూడండి: బెంగళూరు తెలుగువాళ్ళకు ఒక్కరోజు ప్రయాణ మార్గదర్శి

బెంగళూరులో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్ళలో నందికొండకు (నంది హిల్స్‌కు) వెళ్ళనివాళ్ళు అరుదు. వెళ్ళే పద్ధతి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. రాత్రి మూడింటికి లేచి, చీకట్లో బైకుల వరుసలో గేటు దగ్గర నిలబడి, పొద్దు పొడుపు కోసం మంచులోకి చూసి, ఫొటోలు దిగి, టీ తాగి, ఎనిమిదింటికల్లా కిందికి దిగిపోతారు. చాలా రోజుల్లో ఆ మంచులో సూర్యుడే కనిపించడు. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి కోటగోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టించుకునే అవసరమూ రాదు.

అది నందిదుర్గం. పాలెగాళ్ళు కట్టుకుని, హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ బలపరిచిన కోట. 1791లో ఇంగ్లీషు సైన్యం మూడు వారాలు పోరాడితే గాని లొంగలేదు. కోటను కోటగా చూడాలంటే కాలినడకన కింది నుంచే ఎక్కాలి. అందుకే ఇక్కడ చెప్పే ప్రయాణంలో సూర్యోదయం ఉండదు. తెల్లవారేసరికి కొండ కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరుడి గుడిలో ఉంటాం. సూర్యోదయం చూసినవాళ్ళు దిగే వేళకు సుల్తాన్‌పేట మెట్ల మీదుగా ఎక్కడం మొదలుపెడతాం. మధ్యాహ్నం సంగటి తిని, ముద్దేనహళ్ళి, దేవనహళ్ళి చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాం.

ఎప్పుడు వెళ్ళాలి

వీలైతే మంగళవారం నుంచి గురువారం లోపు ఒక సెలవు పెట్టండి. శని, ఆదివారాల్లో కొండ రోడ్డు బండ్లతో నిండిపోతుంది, వాహనాల మీద పరిమితులు కూడా పెడుతుంటారు. వారాంతం తప్ప కుదరకపోయినా ఈ పద్ధతి మేలే, ఎందుకంటే మనం ఘాట్ రోడ్డు ఎక్కడమే లేదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ డిసెంబరు, జనవరి నెలలే నాకు ఇష్టం. చలి ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, పైగా అది అనపకాయల కాలం. ఆ సంగతి భోజనం దగ్గర చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో పైన చల్లగానే ఉన్నా మెట్ల మీద ఎండ కాల్చేస్తుంది. వానాకాలంలో పాత రాతిమెట్లు పాచి పట్టి జారుతాయి. 2021 ఆగస్టులో భారీ వానకు కొండచరియ విరిగిపడి ఘాట్ రోడ్డు కొన్నాళ్ళు మూతపడింది. అలాంటి మరమ్మతులప్పుడు సందర్శకులను ఆపేస్తారు, కాబట్టి బయల్దేరే ముందురోజు చిక్కబళ్ళాపురం జిల్లా యంత్రాంగం ఏమైనా ప్రకటించిందేమో చూసుకోండి. మెట్లదారి తెరిచి ఉందో లేదో సుల్తాన్‌పేటలో ఏ అంగడి దగ్గర అడిగినా చెప్తారు.

శివరాత్రికి భోగనందీశ్వరుడి రథోత్సవం జరుగుతుంది. జాతర చూడాలంటే అంతకంటే మంచి సమయం లేదు. కోట చూడాలంటే మాత్రం ఆ రెండు మూడు రోజులు వదిలేయండి.

ముందురోజు రాత్రి సర్దుకోవలసినవి

మనిషికి ఒకటిన్నర లీటరు నీళ్ళు, స్టీలు సీసాల్లో. మెట్లదారిలో నీళ్ళు దొరుకుతాయని అనుకోవద్దు. అడుగున పట్టు ఉండే బూట్లు వేసుకోండి, చెప్పులతో ఎక్కితే దిగేటప్పుడు తెలుస్తుంది బాధ. పైన గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి పలచటి స్వెటరో జాకెట్టో ఒకటి. చిల్లర నోట్లు తప్పకుండా ఉంచుకోండి. సిగ్నల్ అందని చోట ఫోన్ చెల్లింపు కుదరదు.

తినుబండారాలు చేతిలో పట్టుకుని నడిచే అలవాటుంటే ఈ ఒక్కరోజు మానుకోండి. కొండమీద కోతులు ఎక్కువ. ప్లాస్టిక్ కవర్ గరగరలాడితే చాలు, ఎటునుంచి వస్తాయో తెలియదు. వేరుశనగ చిక్కీలు, అరటిపళ్ళు ఏవైనా ఉంటే జిప్ ఉన్న బ్యాగులోనే ఉంచాలి. పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వకూడదు. కళ్ళద్దాలున్నవాళ్ళు కూడా జాగ్రత్తగా ఉండాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళను వదిలేసి వెళ్ళక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను డ్రైవరుతో కారులో ఘాట్ రోడ్డు మీదుగా పంపి, మిగతావాళ్ళు మెట్లెక్కి, పైన అమృత సరోవరం దగ్గర కలుసుకోవచ్చు. పైన ఫోన్లు కలవకపోవచ్చు కాబట్టి కలుసుకునే చోటు, వేళ కిందే ఖాయం చేసుకోండి.

తెల్లవారుజాము 5 గంటలు: బయల్దేరడం

మెజెస్టిక్ నుంచి నందికొండ సుమారు 60 కిలోమీటర్లు. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి, యలహంక పక్కనుంచి, విమానాశ్రయం మలుపు వదిలేసి నేరుగా వెళ్తే దేవనహళ్ళి. ఇది హైదరాబాదు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి, మనలో చాలామందికి పండగలకు ఊరెళ్ళే దారే. దేవనహళ్ళి దాటిన తర్వాత నంది వైపు ఎడమకు చీలే రోడ్డుంది. మ్యాపులో కొండ పేరు కొడితే ఘాట్ రోడ్డు మీదికి తీసుకుపోతుంది, అందుకని గమ్యంగా భోగనందీశ్వర ఆలయం అని పెట్టుకోండి.

ఐదింటికి బయల్దేరితే హెబ్బాళ దగ్గర ఇబ్బంది ఉండదు. మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఇంకో అరగంట ముందే కదలాలి. హైవే మీద పొద్దున్నే తెరిచే దర్శినిలలో (నిలబడి తినే చిన్న హోటళ్ళలో) రెండు తట్టె ఇడ్లీలు, ఒక ఫిల్టర్ కాఫీ చాలు. పూరీలు, మసాలా దోసెలు తిని మెట్లెక్కితే ఆయాసం రెట్టింపవుతుంది.

బస్సులో వెళ్ళేవాళ్ళకు మెజెస్టిక్ నుంచి చిక్కబళ్ళాపురానికి బస్సులు బాగానే ఉంటాయి. అక్కడి నుంచి నంది గ్రామానికి ఊళ్ళ బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. రైలంటే ఇష్టం ఉన్నవాళ్ళు యలహంక నుంచి చిక్కబళ్ళాపురం వెళ్ళే లైనులో నంది హాల్ట్ అనే చిన్న స్టేషన్లో దిగవచ్చు. ఒకప్పుడు ఈ దారిలో చిన్నపట్టాల రైలు నడిచేది. ఆ కాలపు స్టేషన్ కట్టడాన్ని ఈమధ్య బాగుచేశారు. రైళ్ళు తక్కువ కాబట్టి వేళలు చూసుకోనిదే దీన్ని నమ్ముకోవద్దు.

6:30: భోగనందీశ్వరుడి గుడి

ఇక్కడ గంటకు తక్కువ కేటాయించకండి. చాలామంది కొండ దిగి అలసిపోయి వచ్చి పది నిమిషాల్లో చుట్టేసి పోయే గుడి ఇది. పొద్దున ఏటవాలు వెలుతురు స్తంభాల మీద పడుతున్నప్పుడు చెక్కడంలోని లోతు తెలిసినట్టు మధ్యాహ్నం తెలియదు.

ఒకే ప్రాకారంలో రెండు పెద్ద శివాలయాలు పక్కపక్కనే ఉంటాయి. దక్షిణాన అరుణాచలేశ్వరుడు, ఉత్తరాన భోగనందీశ్వరుడు. రెండింటి మధ్యలో చిన్న ఉమామహేశ్వర ఆలయం. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యానికీ, భోగనందీశ్వరుడు యౌవనానికీ, కొండమీది యోగనందీశ్వరుడు వైరాగ్యానికీ గుర్తులని ఇక్కడి నమ్మకం. మధ్యలోని ఉమామహేశ్వరుడిది పెళ్ళి ఘట్టం. కొత్త దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కుకోవడం ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఆనవాయితీ. పైనున్న యోగనందీశ్వరుడు సన్న్యాసి కాబట్టి ఆయనకు ఉత్సవాలు చేయరు. కింద గుడి చూశాక కొండెక్కాలని నేను పట్టుబట్టేది ఇందుకే. బాల్యం, యౌవనం, పెళ్ళి కింద చూసి వైరాగ్యానికి పైకెక్కే వరుసను ఈ రెండు గుళ్ళూ కలిసి చెప్తాయి. పైనుంచి మొదలుపెడితే కథ తలకిందులవుతుంది.

గుడికి సంబంధించిన పాత శాసనం క్రీ.శ. 806 నాటిది, రాష్ట్రకూట మూడవ గోవిందుడి కాలం. బాణ వంశపు రాజు విద్యాధరుడి రాణి రత్నావళి ఈ శివాలయానికి కారకురాలని శాసన ఆధారాలు. తర్వాత గంగులు, నొళంబులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు ఎవరి వంతు వాళ్ళు చేర్చుకుంటూ పోయారు. కాబట్టి ఒక్క గుడిలో ఏడెనిమిది వందల ఏళ్ళ పనితనం చూడొచ్చు.

ముందుగా రెండు ఆలయాల ఎదుట ఉన్న నందులను చూడండి, ఒక్కొక్కదానికీ విడిగా మంటపం ఉంది. తర్వాత అరుణాచలేశ్వరుడి గుడిలో సింహం ముఖంతో ఉన్న గణపతి, అలాంటి రూపం అరుదు. గోడలకున్న రాతి జాలీ కిటికీలను లోపలి నుంచీ బయటి నుంచీ రెండువైపులా చూడండి, నాట్యం చేస్తున్న బొమ్మలు వాటిలోనే ఇమిడి ఉంటాయి. ఆ తర్వాత మధ్యలోని కల్యాణ మంటపం దగ్గర తీరిగ్గా కూర్చోండి. నల్లరాతి స్తంభాల మీద తీగలూ చిలుకలూ ఎంత సన్నగా చెక్కారంటే, వేలితో తాకాలనిపిస్తుంది. తాకకండి. చేతుల చెమటకు రాయి నునుపెక్కి పోయిన చోట్లు ఇప్పటికే ఉన్నాయి.

చివరగా ఉత్తరం వైపు ప్రాకారం దాటి శృంగితీర్థం చూడాలి. నాలుగు పక్కలా మెట్లు, చుట్టూ మంటపం ఉన్న పెద్ద కోనేరు. నంది తన కొమ్ముతో నేలను పొడిచి గంగను రప్పించాడనీ, దక్షిణ పినాకిని ఇక్కడే పుట్టిందనీ స్థలపురాణం.

ఆ నది మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర పుట్టే ఉత్తర పినాకినే మన పెన్న. అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని తమిళనాడు మీదుగా కడలూరు వైపు పోతుంది. అర్కావతి ఇటే పుట్టి కావేరిలో కలుస్తుంది. చిత్రావతి, పాపాఘ్ని కూడా ఈ జిల్లా నీళ్ళే, రెండూ పెన్నలోకే చేరతాయి. నెల్లూరు, కడప పిల్లలను తీసుకెళ్తే ఈ కోనేటి మెట్ల మీద కూర్చోబెట్టి ఇది చెప్పండి. తమ ఊరి నది పుట్టుక చూశామన్న సంబరం వాళ్ళకు కలుగుతుంది.

8 గంటలు: సుల్తాన్‌పేట మెట్లు

గుడి నుంచి సుల్తాన్‌పేట దగ్గరే. ఊళ్ళో బండి పెట్టి, మెట్లదారి ఎటో అడిగితే చూపిస్తారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు అర్థం కాని ఇల్లు తక్కువ. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గుడిబండ వైపు ఎన్నో కుటుంబాల ఇంటిభాష తెలుగే. తెలుగులోనూ, కన్నడలోనూ కీర్తనలు, తత్వాలు పాడిన కైవారం తాతయ్యది ఈ జిల్లానే. "అన్నా, మెట్లు ఎటువైపు?" అని తెలుగులో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అయితే కన్నడం రెండు ముక్కలు నేర్చుకుని పలకరిస్తే వాళ్ళ ముఖంలో ఆదరం ఇంకా పెరుగుతుంది, అది మరిచిపోకండి.

మెట్లు మొత్తం 1,175 అని చెప్తారు. అలవాటున్నవాళ్ళకు గంట పడుతుంది, పిల్లలతో అయితే గంటన్నర. ఒకే రకం మెట్లు కావు. కొన్నిచోట్ల వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. కొన్నిచోట్ల మోకాలి ఎత్తు బండరాళ్ళు. మొదటి రెండు వందలూ పరుగున ఎక్కేవాళ్ళే మధ్యలో కూలబడతారు. మాట్లాడుతూ ఎక్కగలిగేంత నెమ్మదిగా నడవండి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందని లెక్క.

ఎక్కుతూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూడండి. కింద పొలాలు, చెరువులు, ద్రాక్షతోటలు కనిపిస్తాయి. శత్రువు ఎటునుంచి వచ్చినా కొన్ని గంటల ముందే కనిపిస్తాడన్నది అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఇక్కడ కోట కట్టడానికి అదే మొదటి కారణం. రెండో కారణం మీ మోకాళ్ళకే తెలుస్తుంది. ఈ వాలున బరువైన ఫిరంగిని ఎక్కించడం ఎంత కష్టమో ఊహించండి.

9:30: కోటలో

కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. పైకి చేరగానే కాసేపు కూర్చుని, చెమట ఆరాక స్వెటర్ వేసుకోండి. వేడి ఒంటి మీద ఆ చల్లగాలి తగిలితే సాయంత్రానికి జలుబు చేస్తుంది.

మొదట అమృత సరోవరం. కొండమీద ఊటతో నిండే మెట్ల కోనేరు ఇది. కోటకు గోడలకంటే ముందు కావలసింది నీళ్ళు. నెలల తరబడి ముట్టడి సాగినా లోపలున్నవాళ్ళు దాహంతో లొంగకుండా కాపాడేది ఇలాంటి కోనేరే. దీన్ని చూశాక మిగతా కోటను చూస్తే దాని లెక్క తెలుస్తుంది.

టిప్పు వేసవి విడిదికి తష్క్-ఎ-జన్నత్ అని పేరు, స్వర్గానికే అసూయ పుట్టించేదని అర్థం. చిన్న కట్టడం. లోపలికి పంపకపోతే బయటినుంచే కమానులు చూసి కదలండి, అక్కడ ఎక్కువసేపు ఆగవలసిందేమీ లేదు.

ఆగవలసింది పడమటి వైపు కోటగోడల దగ్గర. మిగతా మూడు వైపులా నిట్టనిలువు రాయి కాబట్టి శత్రువు పాకి రాగలిగింది ఈ పక్కనుంచే. అందుకే ఇక్కడ ఒకదాని వెనుక ఒకటిగా రెండు వరుసల గోడలు లేపారు. 1791 సెప్టెంబరు చివర్లో ఇంగ్లీషు సేనాపతి కారన్‌వాలిస్ సేనలోని ఒక దళం ఈ దిక్కునే ముట్టడి మొదలుపెట్టింది. ఏటవాలు రాతిమీద దారి చేసుకుంటూ ఫిరంగులను పైకి లాక్కురావడానికే వాళ్ళకు చాలా రోజులు పట్టింది. మూడు వారాలకు గోడలు బీటలు వారాయి. అక్టోబరు 18 రాత్రి గడిచి 19 తెల్లవారేలోపు, వెన్నెల్లో ఎగబడి కోటను పట్టుకున్నారు. పైనుంచి కోటవాళ్ళు తుపాకులు కాల్చినదానికంటే దొర్లించిన బండరాళ్ళవల్లే దాడిచేసినవాళ్ళకు ఎక్కువ నష్టం జరిగింది. గోడ పక్కన నిలబడి కిందికి చూస్తే ఆ మాట నిజమెందుకయిందో అర్థమవుతుంది. అంత వాలులో కదిలిన రాయిని ఆపేది ఏమీ ఉండదు.

ఇక్కడొక విన్నపం. గోడల మీదికెక్కి ఫొటోలు దిగకండి. సున్నం పోయి వదులైన రాళ్ళు ఉంటాయి. మీ ప్రాణానికీ, రెండు వందల ఏళ్ళ పైబడిన ఆ గోడకూ మంచిది కాదు. రాళ్ళ మీద పేర్లు చెక్కిన ప్రేమికుల్లో తెలుగు లిపి కనిపించినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

టిప్పు డ్రాప్ అనే చోట కొండ అంచు సుమారు 600 మీటర్ల లోతుకు తెగిపోతుంది. ఖైదీలను అక్కడినుంచి తోసేవారని జనం చెప్పుకుంటారు. కంచె దాటకుండా చూడండి, పిల్లల చెయ్యి వదలకండి. గాలి అక్కడ అన్నిటికంటే గట్టిగా ఉంటుంది.

తర్వాత శిఖరాన ఉన్న యోగనందీశ్వరుడు. కింద చూసిన శిల్పాల హంగు ఇక్కడ ఉండదు. చిన్న గుడి, చోళుల కాలానిదని చెప్తారు. కిందినుంచి నడిచి వచ్చినవాళ్ళకు ఆ నిరాడంబరత సరిగ్గా కుదిరినట్టనిపిస్తుంది.

కారులో వచ్చిన పెద్దవాళ్ళకు గాంధీ నిలయం చూపించండి. టిప్పు కాలం పోయాక మైసూరు కమిషనరు మార్క్ కబ్బన్ ఈ కొండను వేసవి విడిదిగా వాడుకున్నాడు. 1927లో ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు గాంధీజీ వారాల తరబడి ఇక్కడే విశ్రాంతి తీసుకున్నారు, 1936లో మళ్ళీ వచ్చారు. 1986లో బెంగళూరులో సార్క్ సమావేశం జరిగినప్పుడు దేశాధినేతలు ఈ కొండకు వచ్చారు.

పక్షులంటే ఆసక్తి ఉంటే దుర్భిణి తెచ్చుకోండి. పైనున్న చల్లని అడవి తునకలో నీలగిరి అడవి పావురం ఉంటుంది, పడమటి కనుమలకు ఇంత దూరంలో అది కనిపించడం విశేషం. బండల మధ్య పొదల్లో పసుపు గొంతు పిగ్లిపిట్ట కోసం కూడా పక్షి ప్రేమికులు ఇక్కడికే వస్తారు.

పైన కర్ణాటక పర్యాటక శాఖ హోటలు, చిన్న చిన్న అంగళ్ళు ఉన్నాయి. ఒక టీ, కారం ఉప్పు చల్లిన జామకాయ చాలు. అసలు భోజనం కింద ఉంది. పదకొండున్నరకల్లా దిగడం మొదలుపెట్టండి. దిగేటప్పుడు అడుగు కాస్త పక్కకు తిప్పి వేస్తే మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది.

1 గంట: సంగటి

ఇంత నడక తర్వాత హైవే మీది పెద్ద హోటలుకు వెళ్ళి నార్త్ ఇండియన్ థాలీ తినడం నాకు నచ్చని పని. చిక్కబళ్ళాపురం వైపు పోయి, లారీ డ్రైవర్లూ రైతులూ తినే మిలిటరీ హోటలు (ఇక్కడ మాంసాహారం వండే హోటళ్ళకు ఆ పేరు) ఒకటి వెతకండి. బోర్డు చూసి కాదు, మధ్యాహ్నం ఒంటిగంటకు బయట ఆగిన బండ్లు చూసి ఎంచుకోవాలి. సంగటి ముద్ద వేడిగా ఉందా అని ముందే అడగండి. చల్లారిన ముద్ద గట్టిపడి గొంతు దిగదు. పొగలు వస్తుంటేనే కూర్చోండి.

ఇక్కడి ముద్దలో మన చిత్తూరు, అనంతపురం ఇళ్ళలోలా అన్నమో నూకలో కలపరు, రాగిపిండి ఒక్కటే. మరిగే నీళ్ళలో పిండి కుప్పగా పోసి, కదపకుండా ఉడకనిచ్చి, ఆ తర్వాత కట్టెతో ఉండలు లేకుండా గట్టిగా కెలుకుతారు. మెరుపుతో నున్నగా ఉంటే బాగా కెలికినట్టు. చేతికి అంటుకుంటే పిండి సరిగ్గా ఉడకలేదని అర్థం.

తినే పద్ధతి తెలియనివాళ్ళకు: వేళ్ళు తడి చేసుకుని చిన్న ముక్క తుంచి, సారులో ముంచి, నమలకుండా మింగాలి. నమిలితే పళ్ళకు అతుక్కుంటుంది, రుచీ తెలియదు. మొదటిసారి తినేవాళ్ళు సగం ముద్దతో మొదలుపెట్టండి. సగం చాలని చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు.

మాంసం తినేవాళ్ళకు నాటుకోడి సారు మొదటి మాట. ధనియాలు, కొబ్బరి, మిరియాల ఘాటుతో పలచగా ఉంటుంది, ముద్దకు అలాగే ఉండాలి. కాళ్ళ సూపు, తలకాయ మాంసం ఉన్న రోజు అడిగి తీసుకోండి.

శాకాహారులు తమకేమీ ఉండదని అనుకోవద్దు, ఈ నేల రుచి ఆకుకూరల్లోనే ఉంది. బస్సారు అడగండి. ఆకుకూరనూ కందిపప్పునో అలసందలనో కలిపి ఉడికించి నీళ్ళు వంపేస్తారు. ఉడికిన దాంట్లో కొంత తీసి, కొబ్బరి, ఎండుమిర్చి, వెల్లుల్లి చేర్చి నూరి, ఆ వంపిన నీళ్ళలో కలిపి సారు కాస్తారు. మిగిలిన ఆకుకూరకు తాలింపు పెట్టి పక్కన వడ్డిస్తారు. ఒకే గిన్నెలోంచి కూరా, సారూ రెండూ వస్తాయి. ఉప్పుసారు ఇంకా సాదాగా ఉంటుంది. ఆ ఉడికిన నీళ్ళకే ఉప్పు వేసి, పక్కన నూరిన మిరపకాయ కారం పెడతారు. కారం కొంచెం కొంచెంగా కలుపుకోండి, ఒక్కసారిగా వేసుకుంటే ముద్ద పూర్తి కాదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళినవాళ్ళు అదృష్టవంతులు. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళతో నొక్కి పొట్టు తీసి వండే పితికిపప్పు సారు ఆ నెలల్లోనే దొరుకుతుంది. ముద్దకు దానికంటే మంచి జోడీ ఉందని నేననుకోను. అనపకాయలను రోడ్డుపక్క రాశులు పోసి అమ్ముతుంటారు. అక్కడ అవరేకాయి అని అడగండి. మంచు పడ్డ కాయలకు తొక్కమీద నూనెలాంటి జిగట, ఘాటైన వాసన ఉంటాయి. వాసన రాని కాయలు కొనకండి. ఇంటికి తెచ్చిన రోజే ఒలిచి పెట్టుకోవాలి, మర్నాటికి పురుగు బయటపడుతుంది.

3 గంటలు: ముద్దేనహళ్ళి

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు నందికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. ఆయన పూర్వీకులు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం నుంచి వలస వచ్చినవాళ్ళు, ఇంటిపేరు అదే. హైదరాబాదు మూసీ వరదల తర్వాత నగరానికి రక్షణ ప్రణాళిక వేసినదీ ఆయనే. పుట్టిన ఇంటిని మ్యూజియంగా ఉంచారు, సమాధి కూడా ఊళ్ళోనే ఉంది. అరగంట చాలు. ఇంజనీరింగు చదివే పిల్లలు వెంట ఉంటే ఒక గంట ఉంచుకోండి. మూసి ఉండే రోజులు ముందుగా కనుక్కోవాలి.

4:30: దేవనహళ్ళి మీదుగా ఇంటికి

వెనక్కి వచ్చే దారిలో దేవనహళ్ళి కోట ఉంది. 1501లో మల్లబైరేగౌడ కట్టిన మట్టికోటను తర్వాత హైదర్ రాతితో తిరిగి కట్టించాడు. టిప్పు పుట్టింది ఈ ఊళ్ళోనే. పొద్దున కొండకోట చూసినవాళ్ళకు ఈ నేలకోటలో తేడా వెంటనే కనిపిస్తుంది. అక్కడ రాతికొండే సగం గోడ. ఇక్కడ ఎత్తు లేదు కాబట్టి గుండ్రటి బురుజులు దగ్గర దగ్గరగా పెట్టారు. 1791లో కారన్‌వాలిస్ సేన దీన్ని కూడా పట్టుకుంది. అలసిపోయి ఉంటారు కాబట్టి కోటగుమ్మం నుంచి ఒక పక్క బురుజులు చూసి వచ్చేయండి, చుట్టూ తిరగనక్కర్లేదు.

దేవనహళ్ళి చకోత, అంటే మన పంపర పనస, భౌగోళిక గుర్తింపు పొందిన పండు. చేత్తో ఎత్తి చూసి పరిమాణానికి మించి బరువుగా ఉన్నదే తీసుకోండి. తేలికగా ఉంటే లోపల ఎండిపోయి ఉంటుంది. లోపలి తెల్లటి బెండు పూర్తిగా ఒలిచి తింటేనే చేదు రాదు. ఆ పక్కనే రోడ్డుమీద నల్లటి బెంగళూరు బ్లూ ద్రాక్ష కనిపిస్తే ఒక కిలో పట్టండి. గింజలున్నా, పులుపు తగిలినా వాసన బాగుంటుంది, జ్యూసుకు శ్రేష్ఠం.

ఐదున్నర దాటకముందే దేవనహళ్ళి వదిలితే హెబ్బాళ దగ్గర రద్దీ ముదిరేలోపు దాటేయొచ్చు. ఆలస్యమైందనుకుంటే తొందరపడకండి. అక్కడే కాఫీ తాగి, కాళ్ళు చాపుకుని, ఎనిమిదిన్నర తర్వాత బయల్దేరండి. రోజంతా నడిచిన కాళ్ళతో ఫ్లైఓవర్ మీద గంటసేపు క్లచ్ తొక్కడం కంటే అది నయం. ఇల్లు చేరగానే వేడినీళ్ళలో కాస్త ఉప్పు వేసి పాదాలు పెట్టుకుని పడుకోండి. మర్నాడు ఆఫీసు ఉంటే మొదటి మీటింగు పదకొండింటికి పెట్టించుకోండి.